గుత్తి డిప్యూటీ కలెక్టరు రాసిన ఉత్తరం

అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ గారు 1906 డిసెంబరు 25వ తేదీ వేసి కొందరు మిత్రులకు ఒక ఉత్తరం రాశారు. అందులో శిస్తు మాట లేదు, కరువు మాట లేదు, బదిలీల మాట లేదు. లెక్కల పుస్తకాలు మనకు అందడం లేదు, సీమ పత్రికలు కంటబడే దారి లేదు, అందుచేత నలుగురం చందాలు వేసుకుని తెప్పించుకుందాం, ఒకరు చదివాక ఇంకొకరికి పంపుకుందాం అన్నది దాని సారాంశం. 1907 ఏప్రిల్ నాటికి ఇరవై మంది చేరారు. మొదట దానికి అనలిటిక్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. 1910 వచ్చేసరికి అది ఇండియన్ మేథమెటికల్ సొసైటీ అయింది. పుస్తకాల బీరువాలు పూనా ఫెర్గూసన్ కాలేజీలో ఉండేవి. పత్రికలు మాత్రం టపాలో ఊరూరా తిరిగేవి.

నేను ధర్మపురి జిల్లా బి. మల్లాపురం మనిషిని. మా రైలు స్టేషను పేరు బొమ్మిడి, జోలార్‌పేట నుంచి సేలం పోయే దారిలో వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను బడిలో చదువుకున్నదీ, తరవాత బడిలో లెక్కలు చెప్పిందీ తమిళంలోనే. ఉద్యోగం అయిపోయాక కూడా సాయంత్రాలు పిల్లలు వస్తారు. వాళ్లు అడిగిన ప్రశ్నను ఒక లావుపాటి నోటుబుక్కులో అడిగినవాళ్ల పేరుతో సహా రాసి, కింద జవాబు రాస్తాను. ఆ పని చేస్తున్న కొద్దీ, నాకంటే ముందు ఈ పని ఎవరెవరు చేశారు, ఎక్కడ కూచుని చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. వెతికిన ప్రతిసారీ చిన్న ఊళ్లే ఎదురొచ్చాయి. గుత్తి, తిరుక్కోయిలూరు, నెల్లూరు, వనపర్తి, ప్రొద్దుటూరు పక్కన కల్లూరు. కాలేజీలు పెరగక ముందే ఈ ఊళ్లలో ప్రశ్నకు మర్యాద జరిగింది. ఆ చరిత్ర మా పిల్లలకు తెలియాలని నా పట్టుదల.

చాలా వెనక్కి పోతే మన గణిత గ్రంథాలు చాలావరకు ప్రశ్నల పుస్తకాలే. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. సూత్రం చెప్పగానే వెంటనే ఒక లెక్క ఇచ్చి, గణకుడా, చెప్పు అని నిలదీస్తాడు. రాజరాజనరేంద్రుడి కాలం వాడని చాలామంది చెప్పే పావులూరి మల్లన దాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన పేరు చెప్పగానే పండితులు చదరంగం లెక్కను తలుచుకుంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? 18446744073709551615. ఈ ఇరవై అంకెలనూ పద్యంలో ఇమిడ్చారు. బాణాలంటే ఐదు, చంద్రుడంటే ఒకటి, ఆకాశమంటే సున్న అనే పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి. నేను పిల్లల చేత చివరి రెండంకెలు 1, 5 అని చెప్పించి, బాణం ముందు వస్తుందా చంద్రుడు ముందు వస్తాడా అని అడుగుతాను. వెంటనే పట్టేస్తారు.

కానీ పద్యంలోని ప్రశ్నను అడిగేవాడు గురువు, చెప్పవలసినవాడు శిష్యుడు. తెలియనివాడు తనంతట తాను తెలిసినవాణ్ణి అడగడం, ఆ ప్రశ్నకు అచ్చులో జవాబు దొరకడం అనేది వేరే సంగతి. అది మన వైపు పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. ఆకాశం వైపు చూసినవాళ్లు మొదలుపెట్టారు.

1825లో జాన్ వారెన్ అనే ఆయన కాలసంకలితం అనే పుస్తకం అచ్చువేశాడు. మన పంచాంగాల లెక్కలు ఎలా కడతారో అందులో విడమరిచి చెప్పాడు. పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పరిచి, కంఠస్థం చేసిన వాక్యాల సాయంతో, కాగితం ముట్టకుండా చంద్రగ్రహణ సమయం లెక్కకట్టడం వారెన్ చూశాడు. వేళ గంటలోపు తేడాతో కుదిరింది. అయితే గవ్వ ఇక్కడి నుంచి అక్కడికి ఎందుకు జరుగుతుందో ఆ పంచాంగకర్త చెప్పలేకపోయాడు. అతని ప్రతిభకు నేను చేతులెత్తి మొక్కుతాను. అయినా నా దగ్గరికి వచ్చే పిల్లలు అడిగేది ఆ ఎందుకు అన్న ముక్కనే.

ఆ ముక్కకు జవాబు చెప్పడానికి పూనుకున్నవాడు చింతామణి రఘునాథాచారి. మద్రాసు నక్షత్రశాలలో కింది స్థాయి పనిలో చేరి, మొదటి సహాయకుడి దాకా ఎదిగాడు. 1867లో కాంతి మారుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకున్నాడు. నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో నిలబడ్డాడు. రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఆ గ్రహణం వేళ సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగును గాజుపట్టకంతో విడదీస్తే ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. భూమి మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత సరిపోలేదు. ఆ తెలియని పదార్థానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో గాని రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోలేకపోయాడు. గుంటూరులో లేచిన ప్రశ్నకు జవాబు రావడానికి ఇరవై ఏడేళ్లు పట్టిందన్న మాట.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా దాటిపోబోతున్నాడు. దాన్ని వేర్వేరు చోట్ల నుంచి చూసి, సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కగట్టాలని దేశదేశాల శాస్త్రజ్ఞులు ఓడలెక్కారు. రఘునాథాచారి ఓడ ఎక్కలేదు. మామూలు జనానికి ఆ సంగతి చెప్పడానికి ఒక చిన్న పుస్తకం రాశాడు. సంభాషణ రూపంలో రాశాడు. పాత సిద్ధాంతాలు చదువుకున్న పండితుడు అడుగుతాడు, రచయిత చెబుతాడు. అడిగేవాడు ఏమీ తెలియనివాడు కాదు, వేరే దారిలో తెలుసుకున్నవాడు. అతణ్ణి వెక్కిరించకుండా, అతనికి తెలిసిన లెక్కల మీదుగానే కొత్త లెక్కకు తీసుకువెళ్లడం ఉద్దేశం. దాన్ని ఇంగ్లీషుతో ఊరుకోకుండా దేశభాషల్లోకీ తెచ్చారు. బడిలో పాఠం చెప్పేవాళ్లందరూ ఆ పుస్తకం పద్ధతిని ఒకసారి తలుచుకోవాలని నాకు అనిపిస్తుంది.

అదే శుక్రుణ్ణి విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ నుంచి అంకితం వెంకట నరసింగరావు చూశాడు. అది ఆయన మామగారు గోడె వెంకట జగ్గారావు 1840లో సొంత డబ్బుతో కట్టించుకున్న నక్షత్రశాల. జగ్గారావు పోయాక నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదిలిపెట్టి ఆ దూరదర్శినుల బాధ్యత తీసుకున్నాడు. చూసినవన్నీ లండన్ ఖగోళ సంఘానికి రాసి పంపేవాడు. ఆ కాలపు డిప్యూటీ కలెక్టర్లలో ఇలాంటివాళ్లు ఉన్నారు. పగలంతా జమాబందీ లెక్కలు చూసి, రాత్రి తమకు ఇష్టమైన లెక్క చేసుకునేవాళ్లు.

మా నోటుబుక్కులోది ఒక ప్రశ్న ఇక్కడ చెప్పాలి. బొమ్మిడిలో ఆగకుండా పోయే రైళ్లు దూరం నుంచే కూత వేసుకుంటూ వస్తాయి. ఒక పిల్లవాడు అడిగాడు. "టీచర్, రైలు దగ్గరికి వచ్చేటప్పుడు కూత సన్నంగా ఉంటుంది, మనల్ని దాటగానే బొంగురుపోతుంది. డ్రైవరు మారుస్తాడా?" నేను జవాబు ఇలా రాశాను. రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, సెకనుకు 30 మీటర్లు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. హారన్ సెకనుకు 400 సార్లు కంపిస్తోంది అనుకుందాం. ఒక అల బయలుదేరాక రెండో అల బయలుదేరేలోపు రైలు కొంచెం ముందుకు జరుగుతుంది, కాబట్టి ముందున్నవాళ్లకు అలలు దగ్గరదగ్గరగా చేరతాయి. 400ను 340 చేత గుణించి 310 చేత భాగిస్తే 439. దాటిపోయాక అలలు ఎడంగా వస్తాయి. అప్పుడు భాగించాల్సింది 370 చేత, వచ్చేది 368. రెంటికీ మధ్య తేడా మన సంగీతంలో సుమారు మూడు స్వరస్థానాలు. డ్రైవరు ఏమీ మార్చలేదు.

ఆ పిల్లవాడు అడిగింది 1842లో డాప్లర్ లెక్కకట్టిన విషయమే. 1845లో హాలండులో బైస్ బాలట్ అనే ఆయన అది నిజమో కాదో చూద్దామని, ఉట్రెక్ట్ దగ్గర రైలుబండి మీద బూరా వాయించేవాళ్లను ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టాడు. గుంటూరు గ్రహణం జరిగిన 1868లోనే ఇంగ్లండు ఖగోళజ్ఞుడు హగ్గిన్స్ అదే సూత్రంతో సిరియస్ నక్షత్రం మనకు దూరమవుతోందా దగ్గరవుతోందా అని కొలవడానికి ప్రయత్నించాడు. బొమ్మిడి ప్లాట్‌ఫారం మీద నిలబడి అడిగిన ప్రశ్న నక్షత్రాల దాకా పోతుందని రాస్తే, ఆ పిల్లవాడు ఆ పేజీని ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నకు చదివి వినిపించాడు.

మళ్లీ గుత్తికి వస్తాను. రామస్వామి అయ్యర్ గారికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? లండన్‌లో ఎడ్యుకేషనల్ టైమ్స్ అని ఉపాధ్యాయుల పత్రిక ఒకటి ఉండేది. అందులో గణిత ప్రశ్నల శీర్షిక నడిచేది. ఎవరైనా ప్రశ్న పంపవచ్చు, ఎవరైనా జవాబు పంపవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే అయ్యర్ గారు దానికి రాసేవారు. అక్కడి సంపాదకుడు ఈయన ఏదో కాలేజీ ప్రొఫెసరై ఉంటాడనుకుని ఉత్తరాల్లో అలాగే సంబోధించాడు. ఆ పేరు స్నేహితుల మధ్య స్థిరపడిపోయింది. ఉద్యోగం రెవిన్యూ శాఖలో, పేరు ప్రొఫెసర్. సముద్రం అవతలి పత్రిక ఒక కుర్రవాడి ప్రశ్నకు విలువ ఇస్తే ఏం జరుగుతుందో ఆయనకు అనుభవంలో తెలుసు. అందుకే 1909లో సొసైటీ సొంత పత్రిక మొదలైనప్పుడు, అందులోనూ వరస నంబర్లు వేసి ప్రశ్నలు అచ్చువేశారు. ప్రశ్న కింద అడిగినవాడి పేరు, జవాబు కింద చెప్పినవాడి పేరు. ఆ పేజీల్లో పెద్ద ఉద్యోగీ, చిన్న బడి పంతులూ పక్కపక్కనే ఉంటారు.

ఆ పత్రిక పుట్టిన మరుసటి ఏడు తిరుక్కోయిలూరులో ఒక యువకుడు వెతుక్కుంటూ వచ్చి ఆయన్ని కలిశాడు. అప్పటికి అయ్యర్ గారికి అక్కడికి బదిలీ అయింది. వచ్చినవాడు అడిగింది తాలూకా ఆఫీసులో గుమస్తా పని. చూపించింది మాత్రం నోటుబుక్కులు. వాటిని తిరగేసిన అయ్యర్ గారు, ఇంతటి మేధను రెవిన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద కూచోబెట్టి నలిపేయడానికి తనకు మనసొప్పలేదని తరవాత చెప్పుకున్నారు. ఉద్యోగం ఇవ్వలేదు, పరిచయ పత్రం ఇచ్చి మద్రాసు పంపారు. అక్కడి నుంచి దారి నెల్లూరుకు పోయింది. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు కూడా లెక్కల మనిషే, సొసైటీలో ముఖ్యుడు. నీకు ఏం కావాలి అని ఆయన అడిగితే, తీరిక కావాలి అని ఆ యువకుడు అన్నాడట. రామచంద్రరావు గారు నెలకు ఇరవై ఐదు రూపాయలు తన చేతి నుంచి పంపడం మొదలుపెట్టారు. ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ పేరు ప్రపంచానికి మొదట తెలిసింది ఆ పత్రిక ప్రశ్నల పేజీల్లోనే. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీకి ఉత్తరం రాసింది 1913 జనవరిలో. దానికి రెండేళ్లు ముందే, 1911లోనే, సొసైటీ పత్రికలో ఆయన ప్రశ్నలు రావడం మొదలైంది. బతికిన కొద్ది కాలంలో యాభైకి పైగా ప్రశ్నలు పంపాడు. వాటిలో 289వ నంబరుది నేను తొమ్మిదో తరగతి పిల్లలకు తప్పకుండా చూపిస్తాను.

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …))))

దీని విలువ ఎంత? వర్గమూలంలో వర్గమూలం, అందులో ఇంకొకటి, తుది లేకుండా. ప్రశ్న అచ్చయి నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరికి ఆయనే చెప్పాడు, 3 అని. కారణం ఎనిమిదో తరగతి లెక్కతో తెలుస్తుంది. 3 అంటే 9కి వర్గమూలం. 9ని 1 + 2 × 4 అని రాయవచ్చు. ఆ 4 అంటే 16కి వర్గమూలం, 16 అంటే 1 + 3 × 5. ఆ 5 అంటే 25కి వర్గమూలం, 25 అంటే 1 + 4 × 6. ఇలా ఎంత లోపలికి పోయినా దారి తెగదు. పిల్లలు మొదటి మూడు అంచెలు నా చేత చేయించుకుని నాలుగో అంచె నుంచి వాళ్లే రాసుకుపోతారు. 1 + 5 × 7 అంటే 36, అది 6కి వర్గం. 1 + 6 × 8 అంటే 49. (తుది లేని వరుస నిజంగా ఒక విలువ దగ్గర నిలుస్తుందా అని రుజువు చేయడం ఇంకో మెట్టు, అది కాలేజీలో వస్తుంది. ఆ మెట్టు ఉందని మాత్రం వాళ్లకు చెబుతాను.)

జవాబు రాని ఆ నెలల్లో ఆయన ఏం అనుకుని ఉంటాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను. చేతిలో డిగ్రీ లేదు. 1912 మార్చిలో గాని మద్రాసు పోర్టు ట్రస్టులో ముప్పై రూపాయల గుమస్తా పని దొరకలేదు. అక్కడ కూడా ప్రధాన గణకుడు ఎస్. నారాయణ అయ్యర్ సొసైటీ మనిషే కావడం అతని అదృష్టం. అంతటి ఒంటరితనంలో ఉన్నవాడికి అచ్చులో ఒక నంబరు, కింద తన పేరు, ఆ పేరు గుత్తి నుంచి పూనా దాకా నలుగురు చూస్తారన్న నమ్మకం చిన్నవి కావు. రామానుజన్ కథ చెప్పేవాళ్లు తిన్నగా కేంబ్రిడ్జికి పరిగెత్తుతారు. హార్డీ గొప్పవాడే. కానీ హార్డీకి ముందు మన దక్షిణాదిలో ఒక డిప్యూటీ కలెక్టరు, ఒక కలెక్టరు, ఒక గణకుడు, ఒక పత్రిక ఉన్నాయి. ఉత్తరం కేంబ్రిడ్జి చేరేదాకా అతణ్ణి నిలబెట్టింది అవే. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

ఆయన ప్రశ్నల్లో మరికొన్ని చాలా కాలం బతికాయి. 464వ ప్రశ్న చూడండి. రెండును రెండు చేత కొన్నిసార్లు గుణించుకుంటూ పోయి, వచ్చిన దాంట్లోంచి 7 తీసేస్తే వర్గసంఖ్య ఎప్పుడు వస్తుంది? 8లోంచి 7 తీస్తే 1. 16లోంచి తీస్తే 9. 32లోంచి తీస్తే 25. 128లోంచి తీస్తే 121. ఆ తరవాత చాలా దూరం ఏమీ రాదు. పదిహేనో ఘాతం 32768 దగ్గర మళ్లీ వస్తుంది, 32761, అది 181కి వర్గం. ఇంకా ఉన్నాయా అని అడిగాడు. లేవని 1948లో నార్వే గణితజ్ఞుడు నాగెల్ రుజువు చేశాడు. అప్పటికి రామానుజన్ పోయి ఇరవై ఎనిమిదేళ్లు.

గుత్తి ఉత్తరం ఫలించిన 1907లోనే, నవంబరులో, ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో లక్కోజు సంజీవరాయశర్మ పుట్టాడు. పుట్టుగుడ్డి. అక్క బడి పాఠాలు పైకి చదువుకుంటుంటే పక్కన కూచుని వినేవాడు, విన్నది పోయేది కాదు. ఫిడేలు నేర్చుకున్నాడు, లెక్క పట్టుబడింది. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు గణితావధానం చేసి అందరినీ నిర్ఘాంతపరిచాడు. ఆ తరవాత దేశమంతా తిరిగి కొన్ని వేల సభల్లో కూచున్నాడు. పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవాడు, తిథి చెప్పేవాడు. ఒక సభలో రెండును నూట మూడు సార్లు వేసి గుణిస్తే ఎంత అని అడిగారు. 10141204801825835211973625643008 అని ముప్పై రెండు అంకెలూ చెప్పాడు.

నేను దీన్ని చేత్తో సరిచూశాను. అందరూ చూడవచ్చు. రెండును పదిసార్లు గుణిస్తే 1024, అంటే వెయ్యి కంటే కొంచెం ఎక్కువ. అలాంటి వెయ్యిలు పదింటిని గుణిస్తే ముప్పై సున్నల సంఖ్య, పైన మిగిలిన మూడు రెళ్లను గుణిస్తే 8. ఆ కొంచెం ఎక్కువలు పదిసార్లు పోగై 8ని 10 దాటిస్తాయి. అందుకే ముప్పై రెండు అంకెలు, అందుకే మొదట 1, 0, 1. అంకెలు ఎన్ని, మొదట ఏవి అన్నది ఇలా అంచనా కట్టవచ్చు. మిగతా ఇరవై తొమ్మిది అంకెలూ చీకట్లో కూచుని వరసగా చెప్పడం ఎలాగో నాకు అంతుబట్టదు.

తెలుగువాళ్లకు సభలో ప్రశ్న అంటే ఇష్టం. పృచ్ఛకుడు లేకుండా అవధానం లేదు. పద్యానికి అలవాటైన ఆ వేదిక మీదే శర్మ గారు సంఖ్యలను కూచోబెట్టారు. అయితే ఆ వేదిక మీద జవాబు అప్పటికప్పుడు రావాలి. పత్రికలో జవాబు ఆరు నెలలకు రావచ్చు, ముప్పై అయిదేళ్లకు రావచ్చు. వేదిక మీద సంఖ్య చాలు, కారణం ఎవరూ అడగరు. పత్రికలో కారణమే జవాబు. నాకు రెండూ కావాలి గాని, పిల్లలకు ఏది నేర్పాలి అంటే రెండోది అంటాను. శర్మ గారి శక్తి ఆయనతోనే పుట్టి 1997లో ఆయనతోనే పోయింది. 289వ ప్రశ్న జవాబు మా ఊరి పిల్లల చేతికి వచ్చింది.

తెలుగులో సైన్సు రాసినవాళ్ల సంగతి చాలామందికి తెలిసిందే, త్వరగా చెబుతాను. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారూ మిత్రులూ మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర విషయాలను తెలుగు వచనంలోకి తెచ్చింది. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివాళ్లు ఆ వచనాన్ని ఇంట్లో మాట్లాడుకునేంత దగ్గరికి తెచ్చారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం చెకుముకి పత్రిక నడిపింది. మా తమిళనాడులో సైన్స్ ఫోరం వాళ్ల తుళిర్ ఉంది. నా దగ్గర రెండూ ఉన్నాయి. తుళిర్‌లో తమిళంలో చదివింది ఇంట్లో తెలుగులో చెప్పుకునే పిల్లలు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. సేలం జిల్లా నుంచి 1965లో ధర్మపురి వేరుపడింది గాని, మా ఇళ్లలో భాషలు వేరుపడలేదు.

మళ్లీ ఆ ప్రశ్నల పేజీకి వస్తే, రామానుజన్ 469వ ప్రశ్న నేటికీ తెగలేదు. 1 × 2 × 3 × 4 అంటే 24, దానికి 1 కలిపితే 25, వర్గసంఖ్య. 5 దాకా గుణిస్తే 120, 1 కలిపితే 121, అదీ వర్గమే. 7 దాకా గుణిస్తే 5040, 1 కలిపితే 5041, అది 71కి వర్గం. ఇంకా ఉన్నాయా? ఫ్రెంచి గణితజ్ఞుడు బ్రోకార్డ్ 1876లోనే ఇది అడిగాడు. రామానుజన్ తనంతట తాను 1913లో అడిగాడు. వంద కోట్లు దాటిందాకా గుణకారాలను కంప్యూటర్లతో పరీక్షించారు, నాలుగోది దొరకలేదు. లేదని రుజువూ దొరకలేదు.

ఈ ప్రశ్న చెప్పిన మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "టీచర్, ఒకటి కలపకుండా తీసేస్తే?" అంది. అది పుస్తకాల్లో వెతకమని చెప్పకుండా, నాలుగు చేత భాగించి చూడమన్నాను. ఆ సాయంత్రమే నోటుబుక్కులో తన పేరు కింద తనే రాసింది. సరిసంఖ్య వర్గాన్ని నాలుగు చేత భాగిస్తే శేషం 0. బేసిసంఖ్య వర్గాన్ని భాగిస్తే శేషం 1. శేషం 2 గాని 3 గాని ఏ వర్గానికీ రాదు. నాలుగు దాకానో అంతకు మించో గుణిస్తే వచ్చేది నాలుగు చేత నిశ్శేషంగా పోతుంది, అందులోంచి 1 తీసేస్తే శేషం 3. కాబట్టి ఎన్నటికీ వర్గం కాదు. అదే జవాబు 2 కలిపినా సరిపోతుంది, శేషం 2. మూడు కలిపినా సరిపోతుంది, శేషం 3. నాలుగు లోపల ఉన్న చిన్న సంఖ్యలను విడిగా చూసుకుని, ఒకటిలోంచి 1 తీసేస్తే 0, 2 దాకా గుణించి 1 తీసేస్తే 1, 2 దాకా గుణించి 2 కలిపితే 4, మూడు దాకా గుణించి 3 కలిపితే 9, ఒకటికి 3 కలిపితే 4 వస్తాయి గనక అవి మాత్రం మినహాయింపులు అని పక్కన రాసింది.

నాలుగు కలిపితే శేషం 0 వచ్చింది, పద్ధతి పని చేయలేదు. 28, 124, 724, 5044, 40324 అని వరసగా రాసి, ఒక్కోదానికి వర్గమూలం తీసి, ఏదీ కుదరలేదని కొట్టేసి, ఇప్పుడు తొమ్మిది దాకా గుణించిన దాని మీద కూచుంది.